ఉప్పు గోదాములో నాలుగో పళ్ళెం

నాలుగో పళ్ళెంలో అన్నం పిడికెడుకు మించి లేదు. దాని మీద వేలెడు చేప ముక్క. నా పక్కన కూర్చున్న నూకమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉమ్మలేదు, మింగలేదు. కొంతసేపు నాలుక మీదే ఉంచుకుంది. మిగతావాళ్ళం ముఖాలు చిట్లించుకుని మంచినీళ్ళ కోసం చుట్టూ చూస్తున్నాం. ఆ పళ్ళెంతో గ్లాసులు రాలేదు. ఆమె మెల్లగా మింగి, లేచి నిలబడి వంటాయన వైపు తిరిగింది.

"మరిదీ, ఇవి సముద్రం నీల్లు కావు. మడుల నీల్లు. బోటు మీదకి మడుల నీల్లు ఎలాగొచ్చినాయి?"

వంటాయన కామేసు చేతిలో గరిటె ఉంది. దాన్ని నేల మీద పెట్టి, ఆమెకు ఎదురుగా కిందనే చతికిలబడ్డాడు.

"నువ్వైనా అడిగినావు వొదినా" అన్నాడు.

ఆ ప్రశ్న ఏమిటో ఆ గదిలో వాళ్ళిద్దరికే తెలుసు. ముప్పై ఏళ్ళు పత్రికల్లో పనిచేసిన నాకు కూడా అది బోధపడడానికి కొంత సమయం పట్టింది. అక్కడికి ఎలా చేరానో ముందు చెబుతాను.

పలాస

నన్ను పలాసకు పిలిచింది బుజ్జిబాబు. ఒకప్పుడు మా పత్రికకు అక్కడి నుంచి వార్తలు పంపేవాడు. వార్తకింతని మేమిచ్చే డబ్బు టీ ఖర్చుకు కూడా చాలదని మానేసి, మామగారి జీడిపప్పు ఫ్యాక్టరీలో కూర్చున్నాడు. రెండు వేల సంవత్సరం దాటి అయిదారేళ్ళయిన ఆ రోజుల్లో నేను ఉద్యోగం నుంచి విరమించి తెనాలిలో ఖాళీగా ఉన్నాను. ఫిబ్రవరిలో రమ్మన్నాడు, వెళ్ళాను.

రైలు దిగగానే వాసన. జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన ఊరంతా పట్టి ఉంటుంది. తియ్యగా ఉందనుకునేలోపు గొంతులో గరగరలాడుతుంది. బుజ్జిబాబు ఫ్యాక్టరీలో వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు పిక్కను కొట్టి పప్పును తీస్తున్నారు. ఆ జీడి రసానికి వాళ్ళ వేళ్ళన్నీ నల్లబడ్డాయి. "ఎన్నాళ్ళకి పోతుందమ్మా ఈ నలుపు?" అని ఒకామెను అడిగాను. "పని మానేత్తే పోద్ది బాబూ, పని మానేత్తే మేఁవూ పోతాం" అని నవ్వింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు.

మా వైపు జీడిపప్పు పరమాన్నంలో నాలుగు పలుకులు కనిపిస్తే పండగ. అక్కడ బుజ్జిబాబు ఇంట్లో, మేం తెనాలిలో చిక్కుడు గింజలు వండుకున్నట్టు పచ్చి జీడిపప్పు కూర వండి, గిన్నెతో ముందు పెట్టారు. కేజీ రెండొందల ఇరవై రూపాయల సరుకు. ఆ ఇంటావిడ మాత్రం నాకు దగ్గరగా పెట్టింది మంచినీళ్ళ చెంబును. "మున్సిపాలిటీవి కావు, ఉద్దానం బావివీ కావు, కొన్నవి" అని ప్రత్యేకంగా చెప్పింది. ఆ ప్రాంతంలో కొత్తవాడికి కూర సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి చెబుతారు. ఊరూరా మూత్రపిండాల జబ్బు. కారణం ఎవరికీ తెలియదు. అందరి అనుమానం నీళ్ళ మీదే.

భోజనాల దగ్గరే బుజ్జిబాబు అసలు విషయం ఎత్తాడు.

"రేపు మిమ్మల్ని ఓ సోటికి తీసుకెల్తాను సార్. నౌపడలో పాత ఉప్పు గోదాము. అందులో ఒకాయన ఆరు పల్లేల బోజనం పెడతన్నాడు. అన్నీ చేపలే. ఒక్కో పల్లెం ఇంతే వత్తాది." బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించాడు. "బొంబాయిలో పెద్ద హోటల్లో నేర్సుకొచ్చినాడు. మనిసికి ఆరొందలు."

"ఆరొందలకి మూడు పెద్ద వంజరాలొత్తాయి" అంది లోపలి నుంచి అతని భార్య. "పోయినసారి అక్కడ తినొచ్చి ఇంట్లో మల్లీ రెండు సార్లు అన్నం పెట్టించుకున్నారు."

"నీకు తెలీదూరుకో. ఆరో పల్లెం ఏటొత్తాదో తెల్సా సార్? ఏటీ రాదు. ఖాళీ పల్లెం. దాన్ని తెచ్చి బక్తిగా ముందు పెట్టి దణ్ణం పెట్టి ఎల్లిపోతాడు." పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు తగ్గించి, "ఆ పల్లెం ముందు మాత్రం ఎవులూ మాటాడరు సార్. ఎందుకో మరి" అన్నాడు.

ఫోనులో చోటు అడిగినప్పుడు వంటాయన ఒకే ఒక షరతు పెట్టాడట. నీళ్ళ సీసాలు తీసుకురాకూడదు.

టెక్కలి

మర్నాడు జీపులో బయలుదేరాం. మందస నుంచి వచ్చిన ఒక నాయుడుగారు మాతో ఎక్కారు. పూర్వం వాళ్ళకు చాలా భూమి ఉండేదట. ఆయన దారి పొడుగునా కనిపించిన ప్రతి కొబ్బరితోటనూ చూపించి అది ఎవరిదో, అంతకుముందు ఎవరిదో చెప్పుకుంటూ వచ్చారు. టెక్కలిలో మరో ఇద్దరు ఎక్కారు, కాలేజీ లెక్చరరు శర్మగారు, వారి సతీమణి. ఆమెకు ఇటువంటివి సరదా. శర్మగారికి అన్నీ తెలుసు.

"విదేశాల్లో దీన్ని ఒక కళగా చూస్తారండీ. వంటవాడు కథ చెబుతాడు, మనం తింటాం" అన్నారు.

"కథతో కడుపు నిండుద్దా?" అన్నారు నాయుడుగారు.

టెక్కలి బస్టాండులో మూడు రూపాయల టీ తాగాను. మా తెనాలిలో సగం తాగేసరికి చల్లబడుతుంది. అక్కడ నాలుక కాలింది. టీ కొట్టు మనిషి ఎక్కడికని అడిగి, నౌపడ గోదాముకని చెప్పగానే రెండో టీ డబ్బు తీసుకోలేదు. "అక్కడ తిన్నోలు తిరిగొచ్చి ముందు నా దగ్గరే నీల్లు తాగుతారు బాబూ. బిందెడు తాగుతారు" అన్నాడు. అది మెచ్చుకోలో హెచ్చరికో అతని ముఖంలో తెలియలేదు.

నౌపడ

మూడు గంటల ఎండలో ఉప్పుమడులు చూడడం కళ్ళకు శిక్ష. ఎటు చూసినా తెలుపే. చెట్టు లేదు, నీడ లేదు. గట్ల మీద కుప్పపోసిన ఉప్పు గాలి తగిలి సన్నగా చిటపటమంటోంది. పైన పెద్ద ముక్కుల కొంగలు నిశ్శబ్దంగా తిరుగుతున్నాయి. అవి ఏటా చలికాలానికి ఎక్కడినుంచో వచ్చి చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లల్ని పెంచుకుని పోతాయి.

గోదాము తలుపు ఇంకా తియ్యలేదు. మావాళ్ళు జీపులోనే కూర్చున్నారు. నేను గట్టు మీదకు నడిచాను. అక్కడ ఒకావిడ చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, మడి అంచున కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. చేతులనిండా గాజులు, ముఖాన రూపాయంత బొట్టు.

"మీరూ బోజనానికేనా?" అంది.

అవునన్నాను. ఆమె పేరు నూకమ్మ. పుట్టిల్లు నౌపడ. పెళ్ళయ్యేదాకా ఈ మడుల్లోనే పనిచేసింది. మెట్టినిల్లు భావనపాడు అవతల ఒక పల్లె. ఆ పల్లె పేరు ఇక్కడ రాయను.

"మీరు కూడా ఆరొందలు పెట్టారా?"

"నాకేటి బాబూ, ఉచితం" అంది. "ఆరు సీట్లలో ఒకటి మా బోటోలకి ఒగ్గేత్తాడు. ఇంటికొకల్లని పిలుత్తున్నాడు. ఐదిల్లోలూ తినేసినారు. ఆకరికి నన్ను పిలిసినాడు."

మా బోటు అన్న మాట పట్టుకుని అడిగాను. ఆమె చెప్పింది. ఏడవలేదు. వెయ్యిసార్లు చెప్పిన మనిషి గొంతు అది.

నాలుగేళ్ళ కిందట ఆరుగురితో ఒక ఇంజిను బోటు వేటకు వెళ్ళింది. ఆమె భర్త అప్పన్న దానికి తండేలు, అంటే బోటు పెద్ద. మూడో రోజున వాయుగుండం పట్టింది. మిగతా బోట్లు ఒడ్డుకొచ్చాయి, అది రాలేదు. చెక్క ముక్క కూడా కొట్టుకురాలేదు. ఆ బోటులో వంటమనిషి కామేసు, ఊరి వరసకు ఆమెకు మరిది. ఆ రోజు అతనికి జ్వరం వచ్చి, బదులుగా అతని తమ్ముడు వెళ్ళాడు. తర్వాత కామేసు ఊరొదిలి బొంబాయి పోయాడు. ఏడాది కిందట తిరిగొచ్చి ఈ గోదాము పెట్టాడు.

"మా ఆయన బతికే ఉన్నాడు" అంది నూకమ్మ. "సూడండి బాబూ, లెక్క సెప్తాను. బోటు మీద బియ్యం ఉన్నాయి. సముద్రంలో చేపకి కొదవ నేదు. నీల్లు రెండు డ్రమ్ములు. ఒకటి ఐదు రోజులొత్తాది. తండేలు గట్టోడైతే రెండోదాన్ని గుక్కెడు గుక్కెడు తాగించి నెలరోజులు లాగుతాడు. మా ఆయన గట్టోడే. నెలకి బోటు ఏ బర్మాకో కొట్టుకెల్తాది. పక్కూరోలు అలాగే ఎల్లి జైల్లో పడి, ఏణ్ణర్దానికి తిరిగొచ్చినారు. మా మావ కర్మ సేసేద్దాం అంటన్నాడు. రెండో డ్రమ్ముందిగదా, ఎలాగ సేత్తారు?"

ఆమె నా జవాబు కోసం ఆగింది. ఉంది కదా అన్నాను.

తలుపు తెరుచుకుంది.

ఆరు పీటలు

లోపల గోడలకు పాత ఉప్పు పేరుకుని, చీకట్లో కూడా తెల్లగా ఉంది. కింద ఆరు పీటలు, రెండు వరుసలుగా కాదు, పడవ ఆకారంలో వేసి ఉన్నాయి. ముందు కొసన ఒకటి, వెనక కొసన ఒకటి, పక్కల రెండేసి. కామేసు సన్నటి మనిషి. ఎవరి పేరూ అడగలేదు. నూకమ్మను ముందు పీట మీద కూర్చోమన్నాడు. ఆమె పక్కది నాకు. శర్మగారిని వెనక కొస పీట దగ్గరకు తీసుకెళ్ళి, "ఇంజిను కాడ కూకోండి" అన్నాడు. శర్మగారు ఎంతో సంతోషించారు.

కూర్చున్నాక గమనించాను. అతను మా ముఖాలు చూడడం లేదు. పీటల్ని చూస్తున్నాడు.

మొదటి పళ్ళెం పెట్టి, "ఒకటో రోజు" అన్నాడు. పొగలు కక్కే అన్నం, కానాగంతల చింతపండు పులుసు. మా వైపు చేపల పులుసు ఒక రాత్రి నిలవుంచి తింటాం. అప్పుడే రుచి ఊరుతుందని మా నమ్మకం. ఇది పొయ్యి మీంచి నేరుగా దిగింది, అయినా అంత రుచిగా పులుసు నేను తినలేదు. పక్కన నిండుగా మంచినీళ్ళ గ్లాసు.

రెండోది పెట్టి "మూడో రోజు" అన్నాడు. నెత్తళ్ళ వేపుడు, ఉప్పేసిన గంజి. నిండు గ్లాసు నీళ్ళు. చింతపండు తడిసి పాడై ఉంటుందని, అందుకే పులుసు లేదని శర్మగారు వ్యాఖ్యానించారు. ఆయన భార్య "ఎంత బాగా ఆలోచించాడండీ" అంది.

మూడోది, "ఐదో రోజు." నిప్పుల మీద కాల్చిన సావడాయి చేప, పొడి అన్నం. గ్లాసులో నీళ్ళు సగం. బుజ్జిబాబు నా వైపు వంగి, "ఇక్కణ్ణుంచి మజా సార్" అన్నాడు గుసగుసగా. నూకమ్మ తల ఎత్తలేదు. ఆమెకు మొదటి పళ్ళెంతోనే అర్థమైంది, తన భర్త బోటు మీద కూర్చోబెట్టారని. మూడో గ్లాసు ఖాళీ చేసి, "ఒక డ్రమ్ము అయిపోనాది" అని తనకు తానే చెప్పుకుంది. రెండో డ్రమ్ము ఉంది కాబట్టి ఆ గొంతులో దిగులు లేదు.

"ఆరో రోజు" అన్నాడు కామేసు. నాలుగో పళ్ళెం వచ్చింది.

అన్నం ఉప్పగా ఉందంటే చాలదు. ఉప్పు వెనక చేదు, నాలుకను గీరే చేదు. నాయుడుగారు ముద్దను జేబురుమాలులోకి ఉమ్మారు. సముద్రపు నీళ్ళతో వండడం ఒక ప్రయోగమని శర్మగారు అంటుండగానే నూకమ్మ లేచింది.

సముద్రపు నీళ్ళలో ఉప్పే తెలుస్తుంది. మడిలో ఎండకు చిక్కబడిన నీళ్ళకు ఆ అడుగు చేదు ఉంటుంది. పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆ నీళ్ళలో నిలబడి, ముఖం మీద చిందితే నాకిన మనిషికి తప్ప ఆ తేడా అందదు.

కామేసు నేల మీద కూర్చునే చెప్పాడు. చేపలు ఎండబెట్టే పాకలో, ఉప్పులో ఊరబెట్టడానికి మడుల నుంచి చిక్కటి నీళ్ళు తెప్పించి డ్రమ్ముల్లో ఉంచుతారు. తాగే నీళ్ళూ అదే రకం నీలం డ్రమ్ముల్లోనే. తేడాకు మంచినీళ్ళ డ్రమ్ముకు సున్నం గీత పెడతారు. ముందురోజు వాన పడింది.

"జొరంతో ఒల్లు తూలతంది వొదినా. గీత కనపడనేదు. ఏది తడిమితే అదే రెండో డ్రమ్మని దొర్లించి బోటెక్కించినాను. మూత తీసి సూడాల. సూడనేదు. ఐదో రోజున చేపలకని పాకలో మిగిలిన డ్రమ్ము తీత్తే..." ఆగాడు. "తియ్యటి నీల్లు."

"అప్పటికింకా ఎతుకుతన్నారు గదా" అంది నూకమ్మ.

"ఎతుకుతన్నారు."

"నువ్వు సెప్పనేదు."

"నోరు రానేదు వొదినా. నాను సెప్పిన చనం ఆల్లు సచ్చిపోయినట్టే. తమ్ముడు కూడా. మా తమ్ముడి ఇంటోలతో కలిపి ఐదిల్లోలనీ కూకోబెట్టి తినిపించినాను. ఎవులో ఒకరు అడుగుతారని. ఉప్పెక్కువైనాదన్నారు. సముద్రం నీల్లనుకున్నారు. నిన్ను పిలవడానికే బయపడినాను. నువ్వు మడుల పిల్లవి."

శర్మగారి భార్య మెల్లగా ఏడుస్తోంది. ఇది భోజనంలో భాగమో కాదో తెలియక శర్మగారు మా అందరి ముఖాలూ చూస్తున్నారు. బుజ్జిబాబు లేచి ఆయన్ని భుజం పట్టుకుని బయటకు తీసుకెళ్ళాడు. శర్మగారి భార్యా, నాయుడుగారూ వాళ్ళ వెనకే వెళ్ళారు. నేను వెళ్ళలేదు. అది వృత్తిలోంచి వచ్చిన అలవాటు కావచ్చు.

నూకమ్మ తిరిగి పీట మీద కూర్చుంది.

"ఇంకా రెండున్నాయిగదా" అంది. "తే."

"వొద్దు వొదినా."

"ఆల్లకి వొద్దంటే ఆగినాదేటి? తే."

ఐదో పళ్ళెంలో ఆరు చేప కళ్ళు ఉన్నాయి. ఇంకేం లేదు. నీళ్ళు లేనప్పుడు చేప కంట్లో ఉండే తేమను చప్పరిస్తారని వేటకు పోయేవాళ్ళకు తెలుసు. ఆమె ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని ఆరూ తింది. కామేసు ఈ పళ్ళేనికి ఎన్నో రోజో చెప్పలేదు.

తర్వాత ఖాళీ పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. దాని ముందు ఆమె ఎంతసేపు కూర్చుందో నేను గడియారం చూడలేదు. నా పెదాలు పగిలినట్టయ్యాయి. మిగతా నాలుగు పీటల మీద మనుషులు లేరు. కానీ కామేసు వాటి ముందు కూడా వంగి, ఒక్కొక్కదానికీ ఖాళీ పళ్ళెం పెట్టాడు. పెట్టేటప్పుడు ఎవరి మోకాలో తగలకుండా పక్కకు జరిగినట్టు జరిగాడు.

భావనపాడు దాటాక

మూడో రోజు ఉదయం ఒంటరిగా భావనపాడు బస్సెక్కాను. ఆమె ఇల్లు వెతుక్కుని వెళ్ళడానికి కారణం ఉంది. ఇదంతా రాయవచ్చో లేదో అడగకుండా తెనాలి రైలెక్కలేకపోయాను.

దారి పక్కన ఇసుక మీద నెత్తళ్ళు ఎండుతున్నాయి. వాటికి కాపలా ఉన్న ముసలావిడ నన్ను చూసి బేరం మొదలుపెట్టింది. కేజీ నలభై అంది. తెనాలి బజారులో ఎనభై అని నేను నోరుజారితే, "అయితే నువ్వే అమ్మి పెట్టు" అని చేతిలో గంప పెట్టింది. రెండు కేజీలు కొనక తప్పలేదు.

నూకమ్మ ఇంటి అరుగు మీద ఆమె మామ వల బాగుచేసుకుంటున్నాడు. రేవులో ఏ ఇంజిను చప్పుడైనా చెయ్యి ఆపుతున్నాడు. అది తెలిసిన చప్పుడు కాదని తేలాక మళ్ళీ ముడి వేస్తున్నాడు. కర్మ చేసేద్దాం అంటున్నది ఆయనే. నూకమ్మ లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"ఇంట్లో చెప్పారా?" అన్నాను గొంతు తగ్గించి.

"నేదు."

"మిగతా ఇళ్ళలో?"

ఆమె వీధి వైపు చూసింది. ఎదురింటి గుమ్మంలో ఒక అమ్మాయి బియ్యం చెరుగుతోంది. చేతులకు ఎర్రటి గాజులు. "అది ఇంజినోడి పెల్లాం. పెల్లయిన మూడో నెల్లో ఎల్లినాడు. రోజూ పొద్దున్న నా కాడికొచ్చి, అక్కా లెక్క సెప్పు అంటాది. నాను సెప్తాను. రెండు డ్రమ్ములు, గుక్కెడు గుక్కెడు. అది ఇని పనికెల్తాది. ఇయ్యాల కూడా వొచ్చినాది బాబూ."

"ఏం చెప్పారు?"

"రెండు డ్రమ్ములనే సెప్పినాను."

రాయడం గురించి అడిగాను. "పేర్లు మార్సి రాసుకోండి. మా ఊల్లో సదివేవోలెవులు?" అంది. నేను గుమ్మం దిగుతుంటే వెనక్కి పిలిచి, నిన్న గొంతు ఎండిపోయుంటుందని ఇంకో చెంబు నీళ్ళు తాగించింది.

నేను తిరిగొచ్చిన కొన్ని నెలలకు బుజ్జిబాబు ఫోను చేశాడు. గోదాముకు తాళం పడింది, కామేసు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. నూకమ్మ భర్తకు దినం చేసింది, గాజులు తీసేసింది. తండేలు పెళ్ళామే ఆశ వదిలేసి అందరి మగాళ్ళకూ అపశకునం పలికిందని, మిగతా ఐదిళ్ళవాళ్ళు ఆమెతో మాటలు మానేశారు. ఎదురింటి అమ్మాయి ఆమె గుమ్మం తొక్కడం లేదు. ఎందుకు చేసిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ ఐదిళ్ళలో ఇంతవరకు దినాలు జరగలేదు.